ఉతకని అంగీ

ఓసకాలో కవాచియ వారి తెల్ల ఎలుక యజమాని వేలు కొరికిందన్న కబురు ఓకుమె గుమ్మానికి ఎలుకతో సహా వచ్చింది.

ఆ వేళకి ఆవిడ వెదురు ఊచలమీద గొడుగు కాగితం పరిచి అంటిస్తోంది. జిగురు ఆరేలోగా ముడతలు లాగెయ్యాలి కాబట్టి తల ఎత్తలేదు. గుమ్మంలో నిలబడ్డ ఇద్దరూ ఆ కాగితం అతుక్కునేదాకా ఆగవలసి వచ్చింది. ఒకడు కవాచియ పత్తికొట్టులో పెద్ద గుమాస్తా సహెయి, చలికాలంలో కూడా మెడ తుడుచుకునే మనిషి. రెండో ఆవిడ ఆ ఇంటి వంటమనిషి ఓతొర, నలభై దాటిన గట్టిపిండం. ఆమె చేతుల్లో ఎర్ర పట్టుగుడ్డ కప్పిన పంజరం ఉంది.

"ఓకుమె నువ్వేనా?" అన్నాడు సహెయి.

"ఈ సందులో ఇంకో ఓకుమె ఉంటే చూపించండి బాబూ, పని చెరిసగం చేసుకుంటాం."

"ఇది నీ చేతి ఎలకేనా అని అడగడానికొచ్చాం."

ఓతొర పట్టుగుడ్డ తొలగించింది. ఎలుక పంజరం మూలకి నక్కి, వీపు ఉబ్బించి, పక్కవాటుగా చూసింది. కుడి చెవి అంచున గోరంత నొక్కు. ఓకుమె ఆ నొక్కు చూసింది. నిరుడు వసంతంలో ఏడుగురు అన్నదమ్ముల్లో అందరికంటే ముందు కళ్ళు తెరిచి, తన అంగీ చేతికి సంచిలా వేలాడే చేతిగుడ్డలో నిద్రపోయి, తను మచ్చిక చేసిన పిల్లల్ని అమ్మే ఎలుకల కొట్టువాడి ద్వారా కవాచియ ఇల్లు చేరినది ఇదే.

"నాదే," అంది. "ఏమైంది దీనికి?"

"దానికేం కాలేదు. అయ్యగారికయింది," అంది ఓతొర. "నిన్న ఎలక రోజు కదా. పదిమంది పెద్దమనుషుల ముందు దైకొకు దేవుడికి నల్ల సోయా గింజలు పెట్టి, ఒక గింజ దూతగారికి తినిపిద్దామని అయ్యగారు పైనుంచి వేళ్ళు పెట్టారు. చటుక్కున పట్టేసింది. రక్తం బియ్యప్పిండి ఉండల మీద పడింది. వాటి మీద ఎర్రచుక్క ఎంత బాగా కనబడుతుందో నీకు చెప్పాలా అక్కా."

"నువ్వు ఊరుకో," అన్నాడు సహెయి.

దైకొకు బియ్యం మూటల మీద కూర్చుని నవ్వే దేవుడు. చేతిలో సుత్తి, పాదాల దగ్గర తెల్ల ఎలుకలు. పాత గ్రంథాలు తిరగేసినవాళ్ళు ఈయన మన మహాకాలుడేనంటారు. ఎన్ని కొండలు, ఎన్ని కడళ్ళు దాటాడో, ఆ రౌద్రం దారిలో ఎక్కడ జారవిడిచాడో గాని, ఈ దేశం చేరేసరికి బొజ్జ పెంచుకుని, మొదట వంటిళ్ళలోనూ తరవాత కొట్లలోనూ కుదురుకున్నాడు. వినాయకుడి వాహనం ఈయన వెంట ఎలా పడిందో ఎవరూ రాసి పెట్టలేదు. అరవై రోజులకొకసారి వచ్చే పెద్ద ఎలుక రోజున ఈయనకి రెండు కాళ్ళుగా చీలిన ముల్లంగి, నల్ల సోయా గింజలు పెడతారు. తెల్ల ఎలుక ఇంట్లో ఉంటే దేవుడి దూత ఉన్నట్టే. అందుకే కవాచియ ఇంట్లో దాన్ని ఎవరూ ఎలుక అనరు. దూతగారు.

"దీన్ని ఇంట్లో ఎలా పెంచారు?" అని అడిగింది ఓకుమె.

సహెయి గొంతు సవరించుకుని చెప్పాడు. అందులో గర్వం దాగలేదు. దేవుడి గూటి ముందు లక్కపూత పంజరం. రోజూ ఉదయం సహెయి స్వయంగా స్నానం చేసి, తన ఊపిరి తగలకుండా పెదవుల మధ్య తెల్లకాగితం పట్టుకుని, పొడుగాటి పుల్లలతో పైనుంచి అన్నం పెడతాడు. పాత గడ్డి కూడా పుల్లలతోనే తీస్తాడు. ఏడాదిన్నరలో ఒక్క వేలు కూడా దానికి తగలనివ్వలేదు. ఆ గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఓకుమె జిగురు కుంచె కడిగి పక్కన పెట్టింది. "ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ మాట్లాడలేదు, పైనుంచి పుల్లలు దిగాయి. నిన్న మొదటిసారి పైనుంచి మాంసం దిగింది. కరవక ఏం చేస్తుంది?"

"దేవుడి దూతని మైల చేతులతో ముట్టుకుంటామా?" అన్నాడు సహెయి. నిజంగానే అర్థం కాక అడిగాడు.

ఆ తరవాత వచ్చిన పని చెప్పాడు. ఇది పదకొండో నెల. మళ్ళీ పెద్ద ఎలుక రోజు కొత్త సంవత్సరం మొదటి నెలలో వస్తుంది. ఆ వచ్చే సంవత్సరమే ఎలుక సంవత్సరం, పన్నెండేళ్ళకోసారి వచ్చేది. ఊళ్ళో పత్తి వ్యాపారులందరూ కవాచియ ఇంటికి వస్తారు. ఆ రోజు ఎలుక యజమాని అరచేతిలోకి వచ్చి, రక్తం చూపించకుండా గింజ తినాలి. లేకపోతే దేవుడికి ఈ ఇంటి మీద కోపం వచ్చిందని ఊరంతా అంటుంది. దూతను చంపకూడదు కాబట్టి, గుడి వెనక చెట్లలో వదిలేసి దణ్ణం పెట్టుకుని వస్తారు.

"గుడి వెనక కాకులున్నాయి," అంది ఓకుమె.

"అది దేవుడి ఇష్టం," అన్నాడు సహెయి.

"ముప్ఫై ఏళ్ళలో ఓకుమె చేతి ఎలక కరిచిందని ఎవరూ అనలేదు," అంది ఓతొర. "నిన్న సాయంత్రానికి చేపల అంగట్లో కూడా అనేశారు."

ఓకుమె పంజరం అందుకుంది. పని ఒప్పుకున్నట్టేనని ఇద్దరికీ అర్థమైంది.

ఆవిడ పుట్టింది దువ్వెనలు కోసేవాళ్ళ ఇంట్లో. పదిహేడో ఏట బొమ్మలాడించే యసొకిచిని కట్టుకుంది. మన తోలుబొమ్మలాటలో ఒక్క మనిషే తెర వెనక రెండు బొమ్మల్ని కొట్లాడించి, మూడో దాన్ని ఏడిపించగలడు. ఓసకాలో తీరు వేరు, ఒక్కో బొమ్మకి ముగ్గురు. ఒకడు కాళ్ళు నడిపిస్తాడు, ఒకడు ఎడమచెయ్యి, గురువు తలా కుడిచెయ్యీ. పదేళ్ళు కాళ్ళు పట్టుకుంటే ఎడమచేతికి ఎక్కిస్తారు. ఇంకో పదేళ్ళకి, అదృష్టముంటే, తల. యసొకిచి ఎడమచేతి దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు. నల్లబట్ట ముసుగులో ఇతరులు ఆడించే ప్రేయసికి ఎడమచెయ్యిగా బతికి, ముప్ఫైతొమ్మిదో ఏట జ్వరంతో పోయాడు. చూసినవాళ్ళు ఆ చెయ్యి మాత్రం దానంతట అదే కదిలేదనేవారు.

ఎలుకలు ఇంట్లోకి వచ్చింది కూడా అతని వల్లనే. తిరనాళ్ళలో ఎలుకలచేత బుల్లి బండ్లు లాగించే ఆటగాడొకడు, బండి లాగనని మొరాయించిన చుక్కల పిల్లనొకదాన్ని పారెయ్యబోతే, యసొకిచి రొమ్ము మీది బట్ట మడతలో పెట్టుకుని తెచ్చాడు. కొత్త పెళ్ళికూతురు దాన్ని పైనుంచి పట్టుకోబోయి రెండుసార్లు కరిపించుకుంది. అతను నవ్వి, తన ఎడమచెయ్యి చాప మీద వెల్లకిలా పెట్టాడు. "చెయ్యి మూతలాగా దిగకూడదే. అరుగులాగా ఉండాలి. ఎక్కుతుందో లేదో దాని ఇష్టం," అన్నాడు. ఆ చేతిని ఎంతసేపు కదల్చకుండా ఉంచాడంటే ఓకుమెకి విసుగొచ్చి అన్నం వార్చి వచ్చింది. వచ్చేసరికి చుక్కల పిల్ల అతని మణికట్టు మీద కూర్చుని మీసాలు కడుక్కుంటోంది.

ఓకుమె నేర్చుకున్నది అంతే. మిగతాది ముప్ఫై ఏళ్ళ ఓపిక. పద్నాలుగో రోజున పిల్లలు కళ్ళు తెరుస్తాయి. ఆ ముందురోజే తను తొడుక్కుని విడిచిన పాత చేతిగుడ్డ గూట్లో వేస్తుంది. అవి లోకాన్ని చూసేసరికి లోకమంతా ఓకుమె వాసన వేస్తూ ఉంటుంది. చేతులు గోరువెచ్చని నీళ్ళతో కడుక్కోకుండా ముట్టుకోదు. చేప వాసన వేసే వేలు ఎలుకకి చేపే. తోక పట్టి ఎత్తదు. వెంటపడదు. పారిపోతే పనిలో పడిపోతుంది. అది తిరిగి చూడ్డానికి వచ్చేదాకా గొడుగులు అంటించుకుంటుంది. మూడు వారాలయ్యేసరికి పిల్లలు ఆవిడ వెడల్పాటి చేతిగుడ్డ సంచిలో నిద్రపోతూ ఉంటాయి, ఆవిడ సందు చివర బావికి వెళ్ళి నీళ్ళు తోడుకుని వస్తుంది. "ఓకుమె మామ్మ కుడిచేతికి బరువెక్కువ, ఎడం కుండ తొణుకుతుంది చూడండి," అని బావి దగ్గర ఆడవాళ్ళు నవ్వుతారు. ఆవిడ ఎలుకలకి పేర్లు పెట్టదు. కొన్నవాళ్ళు పెట్టుకుంటారంటుంది.

పిల్లల సంగతి అది. ఇది పెరిగిన ఎలుక. ఏడాదిన్నరగా నేర్చుకున్నది మరిచిపోవాలి.

మొదటి వారం ఓకుమె పంజరంలో చెయ్యి పెట్టలేదు. లక్కపూత పంజరాన్ని పక్కకి తిప్పి, పైనున్న తలుపు నేలమట్టానికి వచ్చేలా చేసింది. పైనుంచి ఇక ఏదీ దిగదని అది తెలుసుకోవాలి. తన పాత చేతిగుడ్డ లోపల పెట్టింది. మొదటి రాత్రే ఎలుక దాన్ని చీల్చి పోగులు పెట్టింది. తెల్లవారి ఆ పోగుల మధ్య ముడుచుకుని పడుకుంది. ఓకుమె పక్కనే కూర్చుని గొడుగులు అంటిస్తూ, భర్త ఆటలోని మాటలు గొణుక్కుంటూ ఉండేది. ఎనిమిదో రోజున వెల్లకిలా చెయ్యి లోపల పెట్టింది. అందులో గింజ లేదు, ఏమీ లేదు. ఎలుక వచ్చింది, వాసన చూసింది, చూపుడువేలి కొసన పళ్ళు దింపింది.

ఆవిడ చెయ్యి తియ్యలేదు. కరిస్తే చెయ్యి వెనక్కి పోతుందని దానికి ఈ ఏడాదిన్నరలో ఎవరూ నేర్పలేదు. నిన్నగాక మొన్న కవాచియ అయ్యగారే ఒక్కసారి నేర్పారు. ఆ ఒక్క పాఠం చెడగొట్టాలి. మనసులో ఇరవై లెక్కపెట్టింది. ఎలుక వదిలి, వెనక్కి తగ్గి, కాసేపాగి మళ్ళీ వచ్చి అదే వేలు నాకింది. ముప్ఫై ఏళ్ళ జిగురు వల్ల ఆ వేలికి సగం స్పర్శ పోయింది. అది కూడా ఇవాళ అక్కరకొచ్చిందనుకుంది.

పదిహేడో రోజున అది అరచేతిలో నిలబడింది. ఇరవైనాలుగో రోజున చేతిగుడ్డలోకి దూరింది. ఇంతవరకూ ఓకుమెకి తెలిసిన దారే. ఇక్కణ్ణుంచి కవాచియ అయ్యగారి దారి మొదలవ్వాలి. ఎందుకంటే ఆ రోజున దాని ముందు పరుచుకునేది ఓకుమె చెయ్యి కాదు.

ఓతొర అయిదు రోజులకోసారి వచ్చేది. దూతగారి భోజనం కవాచియ పొయ్యి మీదే వండాలని సహెయి కట్టడి. దంపుడన్నం, ఎండుచేప పొడి, సోయా పాలు తీశాక మిగిలిన పిప్పి బుట్టలో తెచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు గడపకి అవతలే నిలబడింది.

"లోపలికి రావే. పులి పేరు పెట్టుకుని ఎలకకి భయమేమిటి," అంది ఓకుమె.

తొర అంటే పులి. ఓతొర మొహం ముడుచుకుంది. "భయం కాదక్కా, లెక్క తప్పుతుందని. వంటింట్లో ఎలక కనిపిస్తే చీపురు తిరగేస్తాను. దేవుడి గదిలో ఎలక కనిపిస్తే తల వంచుతాను. చీపురు తెచ్చుకోలేదు, తల వంచితే నడుం పట్టేసింది. ఇక్కడ ఏం చెయ్యాలో నువ్వే చెప్పు."

"కూచో. అంతే."

ఓతొర కూర్చుంది. ఇంట్లో పొద్దున్నుంచి నిలబడే మనిషి కాబట్టి, కూర్చున్నాక లేవడానికి తొందరపడలేదు. యజమానురాలి గురించి, పక్కింటి వంటమనిషి దొంగతనాల గురించి, తవుడు తొట్టిలో వంకాయలు ఊరడం లేదని, ఏకధాటిగా మాట్లాడింది. అక్కడ కూరగాయలు ఊరవేసేది ఉప్పు కలిపిన తవుడులో; దాన్ని రోజూ అడుగుదాకా చేత్తో కలపాలి. పాతికేళ్ళుగా కలుపుతున్న ఓతొర చేతులు ఎన్నిసార్లు కడిగినా ఆ పుల్లటి కమ్మటి వాసనే. పంజరంలోని ఎలుక గుమ్మానికి వచ్చి ముక్కు ఎత్తింది. ఓకుమె అది చూసి గుర్తుపెట్టుకుంది.

మూడు వారాలు దాటాక వచ్చినప్పుడు చెప్పి పంపింది: "అయ్యగారు ఒంటికి తగిలేలా వేసుకున్న లోపలి అంగీ ఒకటి పంపమను. ఉతకద్దు."

అయిదు రోజుల తరవాత అంగీ వచ్చింది. బుట్టలో చేప పొడి ఉంది కాబట్టి, దానికి నీచు వాసన తగలకుండా ఓతొర దాన్ని తన రొమ్ములో దోపుకుని తెచ్చింది. దారిలో మంచు కురిసింది. బయటికి తీసేసరికి అంగీ ఆమె ఒంటి వేడితో వెచ్చగా ఉంది. ఓకుమె ముక్కు దగ్గర పెట్టుకుంది. బూడిదనీళ్ళ వాసన. గంజి వాసన. ఆ మీద అగరు పొగ. ఆ అన్నిటి మీద తవుడు.

"ఉతకద్దన్నాను కదే."

"నేనేం చెయ్యను? సహెయిగారు మూడుసార్లు ఉతికించి, గంజి పెట్టించి, దేవుడి ముందు పొగ వేయించారు. దూతగారికి అయ్యగారి చెమట పంపిస్తే కళ్ళు పోతాయన్నారు."

"చెమటే కావాలి నాకు."

"ఆ మాట ఆయనతో నేను చెప్పనా? వంటింటి దాన్ని. అయ్యగారికి చెమట పడుతుందని నాకు తెలిసినట్టు కూడా ఉండకూడదు."

ఓకుమె నవ్వేసింది. ఆ అంగీయే గూట్లో పెట్టింది. వేరే ఏముంది. ఎలుక దాన్ని చీల్చింది, పోగు చేసుకుంది, అందులో పడుకుంది. మరో అయిదు రోజులకి ఇంకోటి. అదీ ఉతికిందే, గంజి పెట్టిందే, ఓతొర రొమ్ములో వెచ్చబడి వచ్చిందే. ఇలా నాలుగు అంగీలు వచ్చాయి. నాలుగోది తెచ్చిన రోజు ఓతొర చెయ్యి చాప మీద పెట్టుకుని తవుడు తొట్టి సంగతే చెబుతూ ఉంటే, ఎలుక పంజరం దాటి వచ్చి ఆమె చిటికెనవేలి మీద ముందుకాళ్ళు ఆనించింది. ఓతొర మాట ఆపలేదు. గొంతు మాత్రం సగానికి దిగింది.

"అక్కా, ఇది నా మీద ఉంది."

"ఉండనీ. వంకాయల సంగతి చెప్పు."

"వంకాయలు బాగానే ఉన్నాయి. అక్కా, నిన్న ఇలాంటివాణ్ణి ఒకణ్ణి నీళ్ళ తొట్టిలో ముంచాను. నల్లవాణ్ణి."

"దీనికి తెలియదులే."

ఆ రాత్రి ఓకుమె చాలాసేపు కూర్చుంది. ఎలుక ఏ చేతిని నేర్చుకుంటోందో స్పష్టంగానే ఉంది. అయ్యగారి పేరు మీద వచ్చిన గుడ్డల్లో అయ్యగారు లేరు. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

మర్నాడు కబురు పంపితే సహెయి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, అవి మురుగు వైపు తిరిగి ఉన్నాయని చూసి, మళ్ళీ సరిగా పెట్టి, కూర్చున్నాడు. ఓకుమె చేతిగుడ్డలోంచి ఎలుక తల బయటపెట్టింది. సహెయి అసంకల్పితంగా పెదవులు మూసుకున్నాడు.

"ఊపిరి పీల్చండి గుమాస్తాగారూ. అదీ పీలుస్తోంది."

"బాగుపడిందన్నమాట," అన్నాడు, ముక్కుతో.

"నాకు బాగుపడింది. అయ్యగారికి కాదు. ఆయన రోజూ ఒక అగరుపుల్ల కాలేటంత సేపు ఇక్కడికొచ్చి చెయ్యి చాప మీద పెట్టి కూచోవాలి. పది రోజులు చాలు."

"కవాచియ యజమాని ఈ సందులోకా? ఈ మురుగు దాటుకుంటూ?"

"పోనీ ఎలకనే మీ ఇంటికి తెస్తాను. ఆయన గదిలో కూచుంటాం."

"అది మచ్చిక కాకముందు ఆయన ముందుకి ఎలా తెస్తావు? మళ్ళీ కరిస్తే?"

"ఆయన ముందుకి రాకపోతే మచ్చిక ఎలా అవుతుంది?"

సహెయి మెడ తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. పదకొండేళ్ళప్పుడు ఆ కొట్టులో నేల తుడవడానికి చేరి, ముప్ఫై ఏళ్ళలో పెద్ద గుమాస్తా అయినవాడు. యజమానికి, లోకానికి మధ్య ఎప్పుడూ ఒక కాగితం ఉండేలా చూడటమే అతని ఉద్యోగం. "అంగీలు పంపాం కదా," అన్నాడు.

"ఉతికారు."

"మరి ఉతక్కుండా ఎలా పంపుతాం?"

ఇక ఆ దారిన పోతే కొండ తవ్వడమే, ఎలుక కూడా దొరకదు. ఓకుమె గొంతు మార్చింది. "సరే. అయితే ఒక్క పని చెయ్యండి. ఆ రోజు దేవుడి గదిలోకి కుంపటి ఓతొర తేవాలి."

"వంటమనిషా? అతిథుల ముందుకా?"

"చలికి ఎలక ముడుచుకుపోతుంది, కుంపటి కావాలి. తెచ్చేది దానికి తెలిసిన మనిషైతే బెదరదు. బెదరకపోతే కరవదు."

అది అబద్ధం కాదు. సహెయి ఒప్పుకుని వెళ్ళాడు. మిగిలిన రోజుల్లో ఓకుమె ఇంకో పని చేసింది. బావి దగ్గరికొచ్చే ఆడవాళ్ళని, గొడుగులు పట్టుకెళ్ళే కూలివాణ్ణి, పక్కింటి ముసలి చెక్కపని ఆయన్ని, ఎవరు దొరికితే వాళ్ళని పిలిచి చెయ్యి వెల్లకిలా పెట్టించింది. తెలియని చెయ్యి కూడా అరుగేనని అది నేర్చుకోవాలి. చెక్కపని ఆయన వేలు ఒకసారి నోట్లోకి తీసుకుని, పళ్ళు ఆనించి, ఒత్తకుండా వదిలేసింది. "రుచి నచ్చలేదు," అన్నాడాయన. ఓకుమెకి మాత్రం అంతకంటే మంచి శకునం కనిపించలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఎలుక రోజున ఓకుమె ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, చేతిగుడ్డలో ఎలుకతో కవాచియ ఇంటికి వెనక దారిన వెళ్ళింది. దేవుడి గదిలో పన్నెండుమంది వ్యాపారులు రెండు వరసల్లో కూర్చున్నారు. గూటి ముందు రెండు కాళ్ళ ముల్లంగి, నల్ల గింజలు. యజమాని గోహెయి మధ్యలో ఉన్నాడు. యాభై ఏళ్ళ బక్కపలచటి మనిషి. తెల్లవారుజామునే చన్నీళ్ళు పోసుకుని, ఉప్పుతో చేతులు తోముకుని, మడత విప్పని కొత్త బట్టలు కట్టుకున్నాడు. పెదవుల మధ్య తెల్లకాగితం. కుడి చూపుడువేలి మీద సన్నటి మచ్చ. ఆయన ఒంట్లోంచి వచ్చే వాసన ఏదీ లేదు. మచ్చ ఉన్న ఆ వేలిని పిడికిలిలో దాచుకోవడం ఓకుమె చూసింది. ఆయన భయపడుతున్నాడు. ఇన్నాళ్ళూ సందులోకి రాకపోవడానికి మురుగొక్కటే కారణం కాదని అప్పుడే తెలిసిందావిడకి.

"అయ్యగారూ, చెయ్యి చాప మీద పెట్టండి. వెల్లకిలా," అంది.

సహెయి ముఖం నల్లబడింది. దేవుడి దూత కోసం యజమాని నేలకి చెయ్యి దించడం అతని ఊహలో లేదు. గోహెయి పెట్టాడు, అరచేతిలో ఒక నల్ల గింజతో.

"ఆ కాగితం తీసెయ్యండి. ఏమైనా మాట్లాడండి."

గోహెయి కాగితం తీసి మడత పెట్టాడు. "ఏం మాట్లాడను?"

"ఏదైనా. వాన సంగతైనా."

గోహెయి తన అరచేతికేసి చూస్తూ, వ్యాపారులందరి ముందూ, "ఈ ఏడు వానకి పత్తి తడిసింది," అన్నాడు.

అదే సమయానికి ఓతొర కుంపటి పట్టుకుని మోకాళ్ళ మీద లోపలికి వచ్చి, గోడ పక్కన పెట్టి, తల వంచి కూర్చుంది.

ఓకుమె చేతిగుడ్డ నేలకి ఆనించింది. ఎలుక దిగింది. గోహెయి చేతి దగ్గరికి వెళ్ళింది. మచ్చ ఉన్న వేలి దగ్గర ఆగింది. ముక్కు ఆడించింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు, చెయ్యి మాత్రం తియ్యలేదు. ఎలుక అరచేతిలోకి ఎక్కి, నల్ల గింజ రెండు కాళ్ళతో పట్టుకుని, ఒక పక్క కొరికి, రెండో పక్క తిప్పి కొరికింది. పన్నెండుమందికీ ఆ చప్పుడు వినబడింది. సగం గింజ ఆయన చేతిలోనే వదిలేసి, మణికట్టు మీదుగా దిగి, మోకాలు దాటి, దేవుడికి వీపు పెట్టి, గదికి అడ్డంగా నడుచుకుంటూ వెళ్ళి ఓతొర చేతిగుడ్డలో దూరింది.

"అయ్యగారూ, నేనేం చెయ్యలేదు," అంది ఓతొర, తల ఎత్తకుండా.

సహెయి లేవబోయాడు. వరస మొదట్లో కూర్చున్న ముసలి దారపు వ్యాపారి, ఎనభై దగ్గరపడ్డ మనిషి, పళ్ళు లేని నోటితో నవ్వాడు. "మా చిన్నప్పుడు ఈ దేవుడు పొయ్యి పక్కనే ఉండేవాడు గోహెయీ. నువ్వు పైకి తెచ్చి కూచోబెట్టావు. ఆయన దూత దారి మరిచిపోలేదు, అంతే."

ఇంకొకరు నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. వంటింట్లో ఎలుక ఇష్టపడి చేరిన ఇంట్లో గింజలకి కరువుండదని ఎవరో అన్నారు. అలాంటి సామెత ముందునుంచీ ఉందో, అప్పటికప్పుడు పుట్టిందో ఎవరూ అడగలేదు. గోహెయి నవ్వలేదు. తన చెయ్యి వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు.

"కరవలేదు," అన్నాడు ఓకుమెతో.

"లేదయ్యగారూ."

"కానీ ఉండలేదు."

"మీరెవరో దానికి తెలియదు. వేసుకుని విడిచిన అంగీ ఒకటి పంపండి, తెలుసుకుంటుంది. ఉతక్కుండా."

సహెయి ఆవిడని వెనక దారి దాకా సాగనంపాడు. గుడి వెనక చెట్ల ప్రస్తావన ఎవరూ తేలేదు.

ఓకుమె మళ్ళీ గొడుగుల్లో పడింది. పంజరం ఖాళీ అయింది కాబట్టి మూడో వారంలో ఎలుకల కొట్టువాడు కొత్తగా పుట్టిన ఆరుగురిని తల్లితో సహా పంపాడు. కవాచియ ఎలుక ఇప్పుడు వంటింట్లో పచ్చళ్ళ తొట్టి మూత మీద ఉంటోందని, దాన్ని ఇంకా దూతగారనే అంటున్నారని, ఓతొర మాత్రం నల్ల ఎలుకల్ని నీళ్ళ తొట్టిలో ముంచేముందు ఎందుకో దూతగారిని అటు తిప్పి కూచోబెడుతోందని బావి దగ్గర కబుర్లు వచ్చాయి.

ఆ ఎలుక రోజైన నెలకి ఓతొర స్వయంగా వచ్చింది, చేతిలో బుట్ట లేకుండా.

"నిన్న పొద్దున్న సహెయిగారు వంటింట్లోకొచ్చారక్కా. పాతికేళ్ళలో ఆయన ఆ గడప దాటడం నేను చూళ్ళేదు. చంకలో మూట. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, నా ముందు పెట్టారు."

"ఏముంది అందులో?"

"అయ్యగారి అంగీ. 'ఉతకలేదు,' అన్నారు. అన్నాక అక్కడే నిలబడ్డారు, నేను దాన్ని మళ్ళీ ఉతికేస్తానేమోనని."

ఓకుమె కాగితం ముడత లాగి, వేలితో అంచు ఒత్తింది. "దూతగారేమన్నారు?"

"మొదటిరోజు దగ్గరికి పోలేదు. ఇవాళ పొద్దున్న అంగీ చెయ్యి ఒకటి చీల్చి పట్టుకెళ్ళింది."

"ఎటు చెయ్యి?"

ఓతొర ఆలోచించింది. "ఎడమది."

ఓకుమె తల ఊపి, జిగురు గిన్నె దగ్గరికి లాక్కుంది. గూట్లో ఆరుగురికి ఆ రోజు పదమూడో రోజు. ఆవిడ తన అంగీ నుంచి చేతిగుడ్డ కుట్టు విప్పి, గుడ్డ మడిచి, పిల్లల పక్కన పెట్టింది.